ఏడేళ్ళ జడ

మా పాప జుట్టును మెచ్చుకోని మనిషి ప్రొద్దుటూరులో లేడు. బస్సులో పక్క సీటామె, మార్కెట్లో ఆకుకూరలామె, ఆఖరికి బడిలో హెడ్‌మేడం కూడా "అబ్బ, ఎంత ఒత్తు జుట్టు!" అనే మొదలుపెట్టేవాళ్ళు. తర్వాత పేరడిగేవాళ్ళు. పాప పలకదు, వాళ్ళ వైపు చూడదు. అప్పుడు వాళ్ళ మొహాలు మారేవి. ఆ మెచ్చుకోలుకూ ఆ మొహం మారడానికీ మధ్య నాకు దొరికేది అర నిమిషం. ఆ అర నిమిషం కోసం నేను రోజూ పొద్దున పావుగంట కష్టపడి బిడ్డకు జడ వేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్పాలి.

అప్పటికి పాపకు ఏడేళ్ళు. ఆటిజం అని మూడో ఏట తేలింది. మాట రాలేదు. మా అమ్మ పులివెందుల నుంచి వస కొమ్ము తెచ్చి, సానరాయి మీద అరగదీసి తేనెతో నాకించింది. "వస పోస్తే వసపిట్ట మాదిరి వాగుతాది చూడు" అంది. వాగలేదు. మా ఆయన కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ఆయన నిద్రపోయే వేళకూ లేచే వేళకూ లెక్కే ఉండదు. కాబట్టి తిరగడం నా వంతయింది.

ఎట్లా తిరిగానని! వారంలో రెండు రోజులు ప్రొద్దుటూరులోనే మాటల క్లాసు, ఒక రోజు జమ్మలమడుగులో కాళ్ళూ చేతుల కసరత్తు, ఆదివారం ఎవరు ఏది చెబితే అక్కడికి. ఏ దర్గాలో తాయెత్తు కట్టించుకోమంటే ఆ దర్గా, ఏ గుడి చుట్టూ తిరగమంటే ఆ గుడి. ఇంట్లో ఉన్నప్పుడు నోటుబుక్కు. నిమిషాలు చూసుకుంటూ రాసేదాన్ని. ఈరోజు నాలుగు నిమిషాలు కుర్చీలో కూచుంది. ఈరోజు కళ్ళలోకి చూడలేదు. ఈరోజు 'అమ్మ' అనమంటే అనలేదు. అట్లాంటి నోటుబుక్కులు ఎనిమిది నిండాయి. మా అత్త జమ్మలమడుగు నుంచి వచ్చినప్పుడల్లా నన్ను చూసి, "తల్లికే కుదురు ల్యాకపాయె, బిడ్డకు యాడ నుంచి వస్తాది?" అనేది. నాకు ఒళ్ళు మండేది. తిరగకపోతే తిరగలేదని అంటారు, తిరిగితే కుదురు లేదని అంటారు. మనిషన్నాక ఏదో ఒకటి చేయాలి కదా!

ఆ ఎండాకాలంలో పాప తల కొట్టుకోవడం మొదలుపెట్టింది. రెండు పిడికిళ్ళతో చెవుల పైన ఠపఠపమని కొట్టుకునేది. పట్టుకుంటే గోడకేసి కొట్టుకునేది. బడులు తెరిచాక ప్రార్థనలో లైనులో నిలబెడితే చాలు, అక్కడా అంతే. మిగతా పిల్లలు జడుసుకున్నారు. హెడ్‌మేడం చెడ్డ మనిషి కాదు, కానీ ఒకరోజు నన్ను పిలిచి మెల్లగా చెప్పింది. "దసరా సెలవుల దాకా చూస్తామమ్మా. అప్పటికీ ఇట్లే ఉంటే ఇంట్లోనే పెట్టుకోండి. ఏమన్నా అయితే నేనేం జవాబు చెప్పుకోవాల?" బడిలో పాప ఏం నేర్చుకుంటుందని ఎవరైనా అడగొచ్చు. గంట కొడితే అన్నం ప్లేటు తనే తెచ్చుకునేది. పక్కనున్న పిల్ల చెయ్యి పట్టుకుని కొళాయి దగ్గరికి పోయేది. ఆ బడి పోతే మా పాపకు ఉండే లోకం మా రెండు గదులే.

తల ఎందుకు కొట్టుకుంటోందని అడిగితే అందరి దగ్గరా ఒకటే జవాబు. "ఆటిజం పిల్లలు అట్లే చేస్తారు." మా అత్త దగ్గర మాత్రం వేరే జవాబుంది. "మొక్కు తీరల్యా. అదే ఇది."

ఆ మొక్కు సంగతి చెప్పాలి. పాప ఏడో నెలలోనే పుట్టింది. ఇరవై రోజులు అద్దాల పెట్టెలో ఉంది. అప్పుడు మా అత్త ఆసుపత్రి వరండాలో నిలబడి, బిడ్డ దక్కితే పుట్టు వెంట్రుకలు నీ దగ్గరే తీయిస్తానని ఇలవేల్పు అమ్మవారికి మొక్కుకుంది. జమ్మలమడుగు నుంచి గండికోట పోయే దారిలో పక్కకు తిరిగితే ఆ గుడి వస్తుంది. మొదటి ఏడాది మా మామ పోయాడు, ఇంట్లో శుభకార్యం చేయకూడదన్నారు. మూడో ఏట తీసుకుపోయాము. నలుగురు గట్టిగా పట్టుకున్నారు, అందులో నేనూ ఉన్నాను. పాప కేక పెట్టి తల తిప్పింది. కత్తి గాటు పడి నెత్తురు కారింది. తలనీలాలు తీసే పెద్దాయన కత్తి కింద పెట్టేశాడు. "నా వల్ల కాదమ్మా" అన్నాడు. ఐదో ఏట గుడి వాకిలి చూడగానే పాప నేల మీద పడి పొర్లింది, అక్కడి నుంచే వెనక్కి వచ్చాము. మొక్కు తీరేదాకా పుట్టు వెంట్రుకలకు కత్తెర తగలకూడదు. కొసలు కూడా కత్తిరించకూడదు. కాబట్టి జుట్టు పెరుగుతూనే పోయింది. ఏడో ఏటికి నడుము దాటింది.

మా అమ్మ పోరు పడలేక పులివెందులకు పోయాను. అక్కడ ఇట్లాంటి పిల్లలను చూసే టీచరమ్మ ఒకామె ఉందని చెప్పింది. అరటికాయల మండీ పక్క సందులో, మేడ మీద రెండు గదులు. యాభై దాటిన మనిషి. నేను ఎనిమిది నోటుబుక్కులూ ఆమె ముందు పేర్చాను. ఆమె ఒకటి తీసి నాలుగు పేజీలు తిప్పి మూసేసింది.

"ఇవన్నీ పాప చేయని పనులమ్మా. నేను పాప గురించి అడుగుతాండా. ఏమంటే ఇష్టం పాపకి?"

నేను నోరు తెరిచాను. నీళ్ళంటే ఇష్టమన్నాను. కన్న తల్లిని, ఏడేళ్ళు పెంచినదాన్ని, ఎనిమిది పుస్తకాలు రాసినదాన్ని, రెండో ముక్క చెప్పలేకపోయాను.

ఆమె వదల్లేదు. నిద్ర ఎట్లా పోతుంది, కడుపు సాఫీగా ఉంటుందా, పళ్ళు చూపించారా, ఏ గుడ్డలు వేసుకుంటుంది, ఏవి విప్పేస్తుంది, ఎండకు ఎట్లా ఉంటుంది, ఇంట్లో ఎవరెవరు ఉంటారు. నేను విసుక్కున్నాను. "మాట కోసం వచ్చినాం మేడం, కడుపు కోసం కాదు" అన్నాను. ఆమెకు కోపం రాలేదు. "మనిషంటే తల నుంచి కాళ్ళ దాకా ఉంటాది గదమ్మా. మీరు నోరొక్కటే పట్టుకోని పరిగెత్తుతాండారు. మూడు రోజులు బడికీ, ఏ క్లాసుకూ పోవద్దండి. పాపను ఏమీ చేయమనొద్దండి. దూరంగా కూచోని చూడండి. తల కొట్టుకున్నప్పుడల్లా దానికి ముందు ఏమి జరిగిందో రాయండి. సంతోషంగా ఉన్నప్పుడు కూడా రాయండి. అంతే. ఊరికే కూచోండి."

తిరుగు బస్సులో ఆమెను తిట్టుకుంటూనే వచ్చాను. ఊరికే కూచోమంట! పనీపాటా లేని మనిషి అనుకుందా నన్ను? బస్సు ఛార్జీలు పెట్టుకుని ఇంత దూరం వస్తే చెప్పే మాట ఇదా? కిటికీ ఊచ పట్టుకుని నేను అట్లా గొణుక్కుంటుంటే, పాప నా పక్కన జడ కొసను నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. నేను అది లాగేసి చేతి మీద ఒక్కటేశాను.

మొదటి రోజు నేను కూచోనేలేదు. కూచుంటే స్టవ్వు మీద పాలు గుర్తొచ్చేవి, లేస్తే ఆరేసిన బట్టలు గుర్తొచ్చేవి. అయినా రాశాను. 'ఏడుంబావు: జడ. ఏడ్చింది. కొట్టుకుంది.' 'తొమ్మిది: ఫ్యాను కింద. కొట్టుకుంది.' 'పదకొండు: పడుకోబెట్టాను. కొట్టుకుంది.' రాసిన దాన్ని నేనే చూసి, దీంట్లో ఏముంది నా మొహం అనుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం పాప పక్కింటికి పోయింది. పక్కింటక్క భర్త కువైట్‌లో ఉంటాడు. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పాప రోజూ గంటసేపు అక్కడికి పోతుంది. ఆ గంట నాకు బట్టలు ఉతుక్కునే సమయం, కాబట్టి అక్కడ ఏం చేస్తుందో నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూడాలి కదా, నోటుబుక్కు పట్టుకుని పోయాను. వాకిట్లోనే ఆగిపోయాను.

కుట్టుమిషన్ మోటారు తిరుగుతోంది. పాప మిషన్ బల్ల మీద చెంప ఆనించి, కళ్ళు సగం మూసుకుని, ఆ గుయ్యిమనే అదురును చెంపతో తాగుతోంది. నవ్వుతోంది కూడా. తల చుట్టూ తడి తువ్వాలు చుట్టి ఉంది. జడ లేదు.

"జడ ఏమయింది?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది.

అక్క మిషన్ ఆపేసింది. భయపడింది పాపం. "కోపం చేసుకోవద్దు అమ్మా. నేను ఎప్పుడో చెప్పాల్సింది. వస్తానే నా చెయ్యి పట్టుకోని జడ మీద పెడతాది. విప్పమని. విప్పి నెత్తిమీద ముడేసి తడి తువ్వాల చుడతా. పోయేముందు మళ్ళా అల్లి పంపిస్తా, నువ్వు వేసినట్టే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎండలు మొదలైనప్పటి నుంచి. నీకు చెప్తే అరుస్తావని చెప్పల్యా."

"ఈడ తల కొట్టుకుంటాదా?"

"ఈడనా? ఎప్పుడూ ల్యా. అల్లేటప్పుడే కొంచెం ఏడుస్తాది."

నేను చేతిలో ఉన్న నోటుబుక్కు తెరిచాను. ఏడుంబావు, జడ. తొమ్మిది, ఫ్యాను కింద, అంటే జడలోంచి ఊడిన వెంట్రుకలు మెడ మీద ఎగిరాయి. పదకొండు, పడుకోబెట్టాను, అంటే జడ వీపు కింద పడి లాగింది. పాత పేజీల్లో, తలంటు రోజు పన్నెండు సార్లు కొట్టుకుంది, ఆ రోజు తడిసి బరువెక్కిన జుట్టు సాయంత్రం దాకా ఆరలేదు. బడిలో ప్రార్థన ఎప్పుడు? నేను బిగించి జడ వేసి పంపిన అరగంటకు. అక్షరాలు నావే, చేతిరాత నాదే. నాకు తప్ప ఎవరికి చూపించినా అర్థమయ్యేది.

పాపను నా ముందు కూచోబెట్టుకుని తువ్వాలు తీశాను. ఈసారి దువ్వెన పట్టుకోలేదు. వేళ్ళతో పాయ మెల్లగా పక్కకు తీశాను. జుట్టు మొదళ్ళలో చెమట పొక్కులు, కొన్ని చితికి పుండ్లయ్యాయి. ఏడేళ్ళుగా ఆ తల మీద చెయ్యి వేసినదాన్ని నేను. ఆ ఎండాకాలమంతా ఆ పుండ్ల మీదే నూనె రాసి, ఏడుస్తుంటే మోకాళ్ళ మధ్య బిగించి, బాగా లాగి జడ వేశాను. పైగా పూలు పెట్టాను. పక్కింటక్క ముందే వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె చెంబుతో నీళ్ళు ఇచ్చింది.

ఆ ఆదివారం జమ్మలమడుగుకు పోయాము. మా ఆయన వెంట వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడవకముందే నేను మొదలుపెట్టాను.

"అత్తా, పాప జుట్టుకు కత్తెర వేస్తాండా."

"వెయ్" అంది మా అత్త. "వేసినాక నాకు చెప్పు. పోయి పెన్నలో పడతా."

"పెన్నలో నీళ్ళు యాడుండాయి అత్తా?"

మా ఆయన నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. మా అత్త నన్ను కొట్టేట్టు చూసింది. నేను పాపను దగ్గరికి తీసుకుని పాయ తీసి చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత అరుగు మీద కూలబడింది.

"అద్దాల పెట్టెలో ఎలుక పిల్ల మాదిరి ఉండె" అంది. "డాక్టరు చెప్పలేమన్న్యాడు. నా దగ్గర ఇచ్చేదానికి ఏముండె? అదొక్కటే మొక్కుకుంటి. ఇప్పుడు మాట తప్పితే నా బిడ్డకు ఏమన్నా అయితే? నీకు తెలీదు మే, నాకు భయ్యం."

అంతవరకు నాకు ఆమె మీద కోపమే తెలుసు. ఆ భయం నాకూ ఉన్నదే కదా, నేను నోటుబుక్కుల్లో దాచుకున్నాను, ఆమె మొక్కులో దాచుకుంది. నాకు అరవబుద్ధి కాలేదు. "తప్పొద్దులే అత్తా" అన్నాను. "దసరాకు గుడికే పోదాం. అంతవరకు జడ ఉండదు, నెత్తిమీద ముడే. కానీ ఆ రోజు ఎవురూ బిడ్డను పట్టుకోకూడదు. ఒక్కరు కూడా."

"పట్టుకోకపోతే ఎట్ల తీస్తారు?"

"నాకూ తెలీదు" అన్నాను.

పులివెందుల టీచరమ్మకు ఫోను చేస్తే, "ఆ అదురంటే ఇష్టం గదా, జుట్టు తీసే మిషన్‌ను ఆ ఇష్టం పక్కనే పెట్టండి" అంది. పక్కింటక్క వాళ్ళాయన కువైట్ నుంచి తెచ్చి వదిలేసిన ట్రిమ్మరు ఒకటుంది. దాన్ని కుట్టుమిషన్ బల్ల మీద పెట్టాము, ఊరికే. రెండు రోజులు పాప దాన్ని ముట్టలేదు. మూడో రోజు ఆన్ చేసి వదిలేశాము. గుయ్యిమంది. పాప వచ్చి వేలు పెట్టింది, తర్వాత చెంప పెట్టింది. వారం తిరిగేసరికి తనే ఆన్ చేసి, పళ్ళ వైపు కాకుండా దాని వెనక వైపును మెడకు ఆనించుకుని కూచునేది. నేను పక్కన చేతులు కట్టుకుని కూచునేదాన్ని. ఏమీ చేయకుండా కూచోవడం ఎంత కష్టమో నన్నడగండి. పిరుదుల కింద ముళ్ళున్నట్టుండేది.

దసరా సెలవుల్లో గుడికి పోయాము. తలనీలాలు తీసే ఆ పెద్దాయనే ఉన్నాడు. ట్రిమ్మరు చూపిస్తే మా మరిది, "మిషన్‌తోనా? అమ్మవారికి?" అన్నాడు. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయమ్మకు కావాల్సింది వెంటికలప్పా, నా కత్తి కాదు" అన్నాడు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా పాప ఆ బండను చూసింది. మూడో ఏట కూచోబెట్టిన బండ. నాలుగేళ్ళయినా మరిచిపోలేదు. కేక పెట్టి వెనక్కి పరిగెత్తి స్తంభానికి తల కొట్టుకోవడం మొదలుపెట్టింది. మా మరిది, ఇంకో ఇద్దరు చేతులు పైకి మడుచుకుని లేచారు.

"ముట్టుకున్నారంటే బాగుండదు!" అని అరిచాను. గుడంతా వినబడింది. వాళ్ళు ఆగిపోయారు. ఆ తర్వాత ఏం చేయాలో నాకూ తెలియదు. నా చేతులే పాపను పట్టుకోవడానికి ముందుకు పోతున్నాయి. తల నాకు కనబడుతోంది, స్తంభం కనబడుతోంది. స్తంభానికీ తలకూ మధ్య నా అరచెయ్యి పెట్టాను, అంతే చేయగలిగాను.

అప్పుడు మా అత్త తల మీది కొంగు దించి బండ మీద కూచుంది. "మొక్కుకున్న్యది నేను. ముందు నాకు తియ్యప్పా. ఆ మిషన్‌తోనే."

పెద్దాయన ట్రిమ్మరు ఆన్ చేశాడు. ఆ గుయ్యిమనే శబ్దం వినగానే నా అరచేతి మీద దెబ్బలు నెమ్మదించాయి. మా అత్త తెల్లజుట్టు పాయలు పాయలుగా ఒళ్ళో పడుతుంటే పాప మెల్లగా ఒక్కో అడుగూ వేసింది. అవ్వ నున్నటి తల మీద రెండు చేతులూ పెట్టింది. రుద్దింది. మళ్ళీ రుద్దింది. నవ్వింది. మా అత్త తల వంచుకుని కూచుంది, కళ్ళనీళ్ళు కారుతున్నా కదల్లేదు. చివరికి పాపే ఆమె ఒళ్ళో ఎక్కి కూచుంది.

గంటన్నర పట్టింది. నాలుగుసార్లు లేచిపోయింది. లేచినప్పుడల్లా పెద్దాయన మిషన్ ఆపేసి వక్కాకు నములుతూ కూచున్నాడు. పూజారి వచ్చి మంచి గడియ దాటిపోతోందన్నాడు. "దాటిపోనీ స్వామీ. ఏడేండ్లు ఆగిన తల్లి ఇంకో గంట ఆగదా?" అంది మా అత్త.

సాయంత్రం జమ్మలమడుగు బస్టాండులో ప్రొద్దుటూరు బస్సు కోసం కూచున్నాము. మా ఆయన టీ తాగడానికి పోయాడు. పాప నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. దువ్వెన చూస్తే మంచం కిందికి దూరే బిడ్డ, నా చెయ్యి పైకి లేస్తే తల దాచుకునే బిడ్డ. నేను కదల్లేదు. బస్సు వచ్చింది. మా ఆయన గ్లాసు పెట్టేసి పరిగెత్తుకొచ్చాడు. "లే, లే, సీట్లు ల్యాకుండా పోతాయి!" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ బస్సు పోయింది.

తల గుండు చేయిస్తే మాట వస్తుందని మా అత్త నమ్మింది. మాట రాలేదు, ఇప్పటికీ రాలేదు. మాటల క్లాసుకు పోతూనే ఉన్నాము. నాకు కుదురు వచ్చిందా అంటే అదీ లేదు, బడులు తెరిచే రోజు పొద్దున ఐదింటికే లేచి ఇల్లంతా తిరిగాను. ఏడుంబావుకు అలవాటుగా దువ్వెన కూడా పట్టుకున్నాను. పాప దాన్ని నా చేతిలోంచి తీసుకుని కిటికీలోంచి బయటికి విసిరేసింది.

బడి గేటు దగ్గర హెడ్‌మేడం పాపను చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో! ఎంత చక్కటి జుట్టు! ఏందమ్మా ఇట్ల చేసినారు? మళ్ళా పెంచుతారు గదా?"

"పాపను అడగాల మేడం" అన్నాను.

"అడిగితే మాత్రం పాప చెప్తాదా?"

"ఏడేండ్ల నుంచి చెప్తానే ఉంది మేడం. నేనే వినల్యా."

ప్రార్థన గంట కొట్టారు. పాప రెండు చేతులతో చెవులు మూసుకుని, పోయి లైనులో నిలబడింది.